"మార్చేస్తే పోద్ది సార్!"

ఈ మధ్య కాలంలో నాకు బాగా ఒళ్ళు మండించిన వాక్యం ఇదే. ఎవరన్నారో, ఎందుకన్నారో చెబుతాను. కాకపోతే ముందే ఒక మాట. ఇది చదివి సర్వీస్ సెంటర్ వాళ్ళని నాలుగు తిట్లు తిట్టుకుని వెళ్ళిపోతే మీరు సగమే చదివినట్టు. మిగతా సగం తిట్లలో నాకూ వాటా ఉంది, బహుశా మీకూ ఉంది.

మా మావయ్యది పలాస. సొంత కారు అద్దెకి తిప్పుతాడు, డ్రైవరూ తనే. పెళ్ళిళ్ళు, అరసవల్లి దర్శనాలు, విశాఖపట్నం ప్రయాణాలు అన్నీ ఉంటాయి గానీ, నెలనెలా ఇల్లు నడిపేది మాత్రం డయాలసిస్ ట్రిప్పులు. ఉద్దానం కిడ్నీల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళ నుంచి ఇద్దరు పేషెంట్లని చెప్పిన రోజుకి పలాస తీసుకొచ్చి, నాలుగేసి గంటలు బయట కూర్చుని, మళ్ళీ ఇంటి దగ్గర దింపుతాడు. "ఇవాళ బండి బాలేదు, రేపు చూద్దాం" అనడానికి కుదిరే ట్రిప్పులు కావవి.

సంక్రాంతికి నేను వెళ్ళేసరికి మావయ్య మొహంలో పండగ లేదు. మూడు నెలలుగా కారు స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందట. హైవే మీద ఏమీ ఉండదు. ఊళ్ళోకి వచ్చి, నెమ్మదిగా పోతూ, సందు మలుపు తిప్పేటప్పుడు టక్కున రాయిలా అయిపోతుంది. డాష్‌బోర్డులో స్టీరింగ్ బొమ్మ దీపం వెలుగుతుంది. బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే మామూలుగా ఉంటుంది. "ఒకరోజు మలుపులో సైకిలు మీద గుంటడు అడ్డొచ్చినాడు. తిప్పబోతే తిరగదు. గుండె ఆగిపోనాదిరా" అన్నాడు.

శ్రీకాకుళంలో ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి అప్పటికే ఒకసారి తీసుకెళ్ళాడు. వాళ్ళు మిషన్ పెట్టి, కోడ్ చెరిపేసి, అడక్కుండానే వీల్ అలైన్‌మెంట్ చేసి, బండి కడిగి, బిల్లు ఇచ్చారు. వారం తిరక్కుండా మళ్ళీ అదే దీపం. రెండోసారి నేనూ వెళ్ళాను. ఏసీ గది, కాఫీ, మెడలో టై కట్టుకున్న కుర్రాడు. పావుగంటలో తీర్పు వచ్చేసింది.

"స్టీరింగ్ కాలమ్ అసెంబ్లీ మార్చాలి సార్. మోటారూ సెన్సారూ విడిగా రావు. యాభై రెండు వేలు, లేబర్ ఎక్స్‌ట్రా. పార్ట్ రావడానికి పది పన్నెండు రోజులు."

"కారణం ఏంటండీ?"

"కోడ్ వచ్చింది సార్."

"కోడ్ ఎందుకొచ్చింది?"

"అది టెక్నీషియన్ చూస్తారు సార్. మార్చేస్తే పోద్ది."

అదండీ సంగతి. జాబ్ కార్డు అడిగి చూశాను. కంప్లయింటు అన్నచోట రెండే ముక్కలు: "స్టీరింగ్ హార్డ్". ఎప్పుడు, ఎంత స్పీడులో, ఎప్పట్నుంచి, ఏం చేస్తే పోతోంది.. ఒక్కటీ లేదు. అంటే మూడు నెలలుగా మావయ్య రోజూ గమనిస్తున్నదంతా ఆ కౌంటరు దగ్గరే చెత్తబుట్టలో పడిపోయిందన్నమాట.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. నేను బీటెక్ మెకానికల్. లక్షలాది మందిలాగే చదివింది ఒకటి, చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఆ రాత్రి రెండు గంటలు నెట్‌లో వెతికి, టార్క్ సెన్సార్ పోయిందని నేనూ తేల్చేశాను. పొద్దున్నే మావయ్యతో "మార్పించెయ్, సగం డబ్బులు నేనిస్తాను" అన్నాను. బానెట్ కూడా ఎత్తకుండా. ఇంజనీరు మేనల్లుడు చెప్పాడంటే మావయ్యకి వేదవాక్కు. ఆర్డరివ్వడానికి ఒప్పేసుకున్నాడు.

కనుమ ముందు రోజు కాశీబుగ్గలో బండి తిప్పుతుంటే మళ్ళీ దీపం వెలిగింది. పక్కకి తీసి ఆపిన చోటే ఒక రేకుల షెడ్డు. బ్యాటరీ, డైనమో, సెల్ఫ్ పనులు చేసే పెద్దాయనది. పండగ పూట కూడా కూర్చునే ఉన్నాడు. మావయ్య ఊరికే గోడు వెళ్ళబోసుకున్నాడంతే. ఆయన బానెట్ ఎత్తలేదు. స్టూలు మీంచి లేవకుండానే మూడు ప్రశ్నలడిగాడు.

"ఎప్పుడెప్పుడొస్తాది బావూ?"

మావయ్య ఆలోచించి చెప్పాడు. తెల్లారగట్ల ట్రిప్పుల్లో ఎక్కువ. లైట్లూ ఏసీ వేసుంటే ఇంకా ఎక్కువ.

"ఎప్పట్నుంచి?"

దీపావళి ముందు నుంచి.

"అంతకు ముందు బండికేటి సేయించినారు?"

మావయ్య నా మొహం చూశాడు. దసరాలకి ముందు ఎవరో వెనక్కి చూడకుండా రివర్స్ చేసి ముందు భాగం నొక్కేస్తే, డెంటింగ్ పెయింటింగ్ చేయించాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ఎవరూ అడగలేదు!

నాకు సిగ్గేసింది చూడండీ.. ఆఫీసులో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే నేను అడిగే మొదటి ప్రశ్న అదే. "చివరగా ఏం మార్చారు?" అని. జీతం తీసుకుని రోజూ అడిగే ప్రశ్న సొంత మావయ్యని అడగాలని తట్టలేదు.

అప్పుడు లేచాడాయన. ఇంజను ఆన్, లైట్లు ఆన్, ఏసీ ఆన్. మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మొన మీద, రెండో ముల్లు బండి బాడీ మీద పెట్టి, "తిప్పండి" అన్నాడు. మావయ్య స్టీరింగ్ తిప్పేసరికి అంకె రెండున్నర వోల్టుల దాకా ఎగిరింది. ఆ రెండు చోట్లా మంచి ఎర్త్ ఉంటే ఒక వోల్టులో పదో వంతో, రెండు వంతులో చూపించాలి. బ్యాటరీ కింద ఎర్త్ వైరు బోల్టు విప్పాడు. ఆ చోటంతా నిగనిగలాడుతూ కొత్త పెయింటు. పెయింటింగ్ వాళ్ళు రంగు మీదే లగ్గు పెట్టి బోల్టు బిగించేశారు. దానికి తోడు మన సముద్రపు ఉప్పుగాలి. రంగు పెచ్చులూడి కాస్త తగిలినచోట తుప్పు పట్టింది.

ఆయన గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనపడేదాకా గీకి, లగ్గు శుభ్రం చేసి, గట్టిగా బిగించి, పైన కాస్త వేజిలైన్ రాశాడు. మళ్ళీ మీటరు పెట్టి తిప్పించాడు. సున్నా చుక్క సున్నా ఎనిమిది. ఈ రోజు వరకూ ఆ దీపం వెలగలేదు.

ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి స్టీరింగ్‌కి సాయం చేసేది ఆయిల్ కాదు, కరెంటు మోటారు. మనం తిప్పినప్పుడు స్టీరింగ్ కడ్డీలో ఒక సన్నటి భాగం కొంచెం మెలి తిరుగుతుంది. ఆ మెలిని టార్క్ సెన్సార్ కొలుస్తుంది. దాన్నీ బండి వేగాన్నీ చూసి కంప్యూటరు మోటారుకి ఎంత కరెంటు ఇవ్వాలో లెక్క కడుతుంది. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు, నిలబెట్టి తిప్పేటప్పుడు ఎక్కువ సాయం కావాలి. అప్పుడు పదుల ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు వెళ్ళే దారిలో పెయింటు అడ్డముంటే వోల్టేజీ పడిపోతుంది. మీటరు చూపించేది సగటు, క్షణకాలం ఇంకా కిందకి జారి ఉంటుంది. అది చూసి కంప్యూటరు 'ఇక నా వల్ల కాదు' అని సాయం ఆపేసి దీపం వెలిగిస్తుంది. ఆపి స్టార్ట్ చేస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలు. హైవే మీద ఎందుకు రాలేదు? అక్కడ మోటారుకి పెద్ద పని లేదు. తెల్లారగట్ల ఎందుకు ఎక్కువ? లైట్లూ ఏసీ కూడా ఆ దారినే వాడుకుంటున్నాయి. మావయ్య చెప్పిన ప్రతి ముక్కా ఆ బోల్టు వైపే చూపిస్తోంది. వినేవాడు లేకపోయాడంతే.

ఇక్కడ ఇంకో సంగతి ఆలోచించండి. మేం ఆ యాభై రెండు వేలూ కట్టామే అనుకోండి. రెండింట్లో ఒకటి జరిగేది. ఒకటి, కొత్త కాలమ్ కూడా అదే ఎర్త్ మీద నడిచి, వారానికల్లా మళ్ళీ దీపం వెలిగేది. అప్పుడు "ఈసీయూ మార్చాలి సార్" అనేవాళ్ళు. రెండోది ఇంకా ప్రమాదం. పనిలో పనిగా ఎవడో బ్యాటరీ తీసి, ఆ బోల్టు కూడా విప్పి గట్టిగా బిగించేవాడు. సమస్య పోయేది! క్రెడిట్ మాత్రం కాలమ్‌కి దక్కేది. మావయ్య జన్మంతా "కాలమ్ పోయిందిరా, మార్పిస్తే బాగయింది" అని పది మందికి చెప్పేవాడు. తప్పు నిర్ధారణ ఇలాగే బతుకుతుంది. ఫలితం రావడం వేరు, కారణం తెలియడం వేరు.

"కోడ్ వచ్చింది" అనే మాటకి మనమిచ్చే గౌరవం ముందు తగ్గాలి. కోడ్ అంటే జబ్బు పేరు కాదు, ఒంట్లో ఎక్కడ నొప్పో చెప్పే మూలుగు. థర్మామీటరు 102 చూపిస్తే జ్వరమని తెలుస్తుంది, మలేరియానో టైఫాయిడో తెలియదు. థర్మామీటరు చూసి ఆపరేషన్ రాసే డాక్టర్ని మనం ఊరుకుంటామా?

పాత పద్ధతి ఆయిల్ స్టీరింగుల్లోనూ ఇదే కథ. పవర్ స్టీరింగ్ నిన్న గాక మొన్న వచ్చిందేం కాదు. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లోనే కారుకి బిగించి నడిపి చూపించాడు. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో మార్కెట్లోకి వచ్చింది. కరెంటు మోటారు రకం 1988లో జపాన్లో సుజుకి సెర్వోతో మొదలైంది. ఇన్నేళ్ళ వస్తువుకి పరీక్షల వరస ఎప్పుడో స్థిరపడిపోయింది. ఖరీదైన పార్టు మీద చెయ్యి వేసే ముందు చూడాల్సినవి ఇవీ:

1. టైర్లలో గాలి. నవ్వకండి. ముందు టైర్లలో గాలి తగ్గినా స్టీరింగ్ బరువెక్కుతుంది. పైసా ఖర్చు లేని పరీక్ష.

2. బరువు ఎప్పుడూ ఉందా, వచ్చి పోతోందా? వచ్చి పోతుంటే ముందు కరెంటు దారినో, బెల్టునో అనుమానించాలి. ఎప్పుడూ ఉంటే కీళ్ళు, బేరింగులు.

3. ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి, సరైన స్టాండ్ల మీద నిలబెట్టి, తిప్పి చూడాలి. అప్పుడూ పట్టేస్తుంటే లోపం ఇనుములో ఉంది. తేలిగ్గా తిరిగితే సాయం చేసే వ్యవస్థని చూడాలి.

4. ఆయిల్ రకమైతే ఆయిల్ ఎంతుంది, ఏ రంగులో ఉంది, నురగ ఉందా. తిప్పేటప్పుడు మూలుగుతుంటే గాలి చొరబడిందేమో. కీచుమంటే బెల్టు జారుతోందేమో. ఆయిల్ తగ్గిందంటే ఎక్కడికో పోతోందని అర్థం. కారణం వెతక్కుండా పోస్తూ ఉండడం రిపేరు కాదు.

5. కరెంటు రకమైతే ముందు బ్యాటరీ, ఛార్జింగు, ఎర్త్, ఫ్యూజు. నిండా ఛార్జయిన బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు చాలా బళ్ళలో 14కి అటూ ఇటూ. ఎర్త్‌ని మాత్రం లోడ్ మీదే కొలవాలి. పని లేనప్పుడు కొలిస్తే ప్రతి ఎర్తూ మంచిదే.

6. తాళం తిప్పగానే స్టీరింగ్ దీపం వెలిగి, ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. నడుస్తుండగా వెలిగితే అప్పుడు కోడ్ చదవాలి, రాసుకోవాలి. చెరపడం ఆఖర్న.

ఇంకొకటి, ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ ముక్కల్లో చాలావాటికి ఇంజను కోడ్‌లే కనపడతాయి, స్టీరింగువి కనపడవు. కాబట్టి అందులో ఏమీ రాలేదని స్టీరింగ్ బాగున్నట్టు కాదు.

మరి అంత పెద్ద సెంటర్లో ఇవెందుకు చెయ్యలేదు? అక్కడ కుర్రాళ్ళు తెలివితక్కువవాళ్ళని నేననుకోను. ఆ బిల్లు చూడండి. పార్టుకి లైనుంది, లేబరుకి లైనుంది, కడిగినందుకు కూడా లైనుంది. ఆలోచించినందుకు లైను లేదు. అరగంట మీటరు పట్టుకుని ఎర్త్ వెతికినవాడి వల్ల బిల్లులో రూపాయి పెరగదు. కాలమ్ మార్చినవాడి వల్ల యాభై రెండు వేలు పెరుగుతుంది. ఇలాంటి లెక్కలో నిజాయితీపరుడు కూడా నెమ్మదిగా "మార్చేస్తే పోద్ది" దగ్గరికే చేరతాడు.

మరి బయట వెతుకుదామంటే, తెలిసినవాడికి పనిముట్లు దొరకవు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఈ దేశంలో 14 కార్ల కంపెనీలకి కలిపి రూ. 2,544 కోట్లకి పైగా జరిమానా వేసింది. ఏం నేరానికి? విడిభాగాలూ, లోపం కనిపెట్టే పరికరాలూ బయటి మెకానిక్కులకి అందనివ్వకుండా మార్కెట్ని తమ గుప్పిట్లో పెట్టుకున్నందుకు. కంపెనీలు అప్పీళ్ళకెక్కాయనుకోండి, అది వేరే కథ. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 'రైట్ టు రిపేర్' పోర్టల్ పెట్టి, మొదట పెట్టుకున్న నాలుగు రంగాల్లో వాహనాల్ని కూడా చేర్చింది. సంతోషం. కానీ కాశీబుగ్గ రేకుల షెడ్డులో కూర్చున్న పెద్దాయన చేతికి ఆ కోడ్ చదివే మిషన్ వస్తేనే ఆ హక్కుకి అర్థం. ఆయన ఆ రోజు మిషన్ లేకుండా గెలిచాడు. అన్ని రోగాలూ ఎర్త్ బోల్టులో ఉండవు కదా.

కారణం వెతికితే కంపెనీలకైనా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. 2024 అక్టోబరులో హోండా అమెరికాలో దాదాపు 17 లక్షల బళ్ళని వెనక్కి పిలిచింది. నడుస్తుండగా స్టీరింగ్ పట్టేసినట్టు ఉంటోందని ఫిర్యాదులు. వెతికితే గేర్‌బాక్స్ లోపల వార్మ్ వీల్ తయారీ లోపం, దానివల్ల రాపిడి అని తేలింది. మందేమిటో తెలుసా? ఒక స్ప్రింగు మార్చి, గ్రీజు సర్దడం, కావాలంటే ఇంకొంచెం పెట్టడం! తన జేబులోంచి పోయేటప్పుడు కంపెనీ స్ప్రింగు దాకా వెళ్ళి వెతుకుతుంది. మన జేబులోంచి పోయేటప్పుడు అసెంబ్లీ దగ్గరే ఆగిపోతుంది.

అలాగని రోడ్డు పక్క మెకానిక్ దేవుడు, ఏసీ సెంటర్ దెయ్యం అని నేను పాట పాడబోవడం లేదు. మావయ్య పాత బండికి ఒక షెడ్డులో పవర్ స్టీరింగ్ డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోశారు. సీళ్ళు ఉబ్బి పాడయ్యి, ఉన్న లీకు పదింతలైంది. ఆయనకీ కారణం అక్కర్లేదు, చేతికందిన డబ్బా వంచాడు. నా గొడవ షెడ్డుతోనూ కాదు, షోరూముతోనూ కాదు. అడగకుండా, కొలవకుండా విప్పేవాడితో.

ఇక మన వంతు. పని అయ్యాక ఆ పెద్దాయన అడిగింది నూట యాభై. నేను ఐదొందలు ఇస్తుంటే మావయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "సిన్న బోల్టు బిగించినందుకు అయిదొందలేటిరా? నాను ఇచ్చుకుంటాన్లే, ఒగ్గీ!" అన్నాడు. ఏసీ గదిలో యాభై రెండు వేలంటే నోరెత్తని మనిషి ఇక్కడ మూడొందల యాభైకి బేరానికి దిగాడు. నేను నవ్వబోయి ఆగిపోయాను. నేనేం తక్కువ తిన్నాను? పార్టు కనపడితే డబ్బు తీస్తాను, బుర్ర కనపడదు కాబట్టి ఉచితం అనుకుంటాను. "ఊరికే చూడ్డానికి డబ్బులేంటి?" అని మనలో అననివాడెవడు? చూడ్డానికి డబ్బివ్వం కాబట్టే చూడ్డం మానేశారు. మార్చడానికిస్తాం కాబట్టి మారుస్తున్నారు. మనం అడిగిందే మనకి అమ్ముతున్నారు.

నా డిగ్రీ సంగతి కూడా చెప్పెయ్యాలి. ఆటోమొబైల్ పేపర్లో స్టీరింగ్ గేర్‌బాక్సుల రకాలు వరసగా రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పాడైన బండి ముందు నిలబెట్టి "ఇది ఎందుకు తిరగట్లేదో చెప్పు" అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు మావయ్యకి సగం డబ్బు ఇస్తాననే బదులు, "ఎప్పట్నుంచి?" అని అడిగేవాణ్ణేమో.

అందుకని ఈసారి ఎవరైనా మీతో "మార్చేస్తే పోద్ది" అంటే కోప్పడకండి. మూడు అడగండి. ఏం కొలిచారు? ఎంతొచ్చింది? ఎంత రావాలి? జవాబుంటే సంతోషంగా మార్పించండి. లేకపోతే తాళం తీసుకుని వచ్చెయ్యండి. జవాబు చెప్పిన మనిషికి మాత్రం, ఒక్క పార్టూ మార్చకపోయినా, అడిగినంతా ఇవ్వండి.

పెద్దాయన ఆఖరికి మూడొందలు తీసుకున్నాడు. మావయ్య ఇప్పటికీ అది ఎక్కువే అంటాడు :) బండి మాత్రం ఆ మర్నాడు తెల్లారగట్ల నాలుగున్నరకే, లైట్లేసుకుని, వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళింది.